చిన్న మోటారుకు పెట్టిన బొట్టు

పెద్ద ప్లాస్టిక్ చెత్తడబ్బా నిండా గొట్టంతో నీళ్లు పట్టి, దాన్ని పడవ ముక్కు కిందికి ఈడ్చుకొచ్చి, దామోదర్ ట్రోలింగ్ మోటారును నెమ్మదిగా అందులోకి దించాడు. పడవ ట్రైలర్ మీదే ఉంది. చెయ్యి చాపి పెడల్‌ను అరచేత్తో నొక్కాడు. డబ్బాలో నీళ్లు గిర్రున సుడి తిరిగి, అంచు దాటి అతని బూట్ల మీద పడ్డాయి. కాసేపు అలా తిరిగి నీరసించాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే వరస. దామోదర్ కళ్లజోడు పైకి తోసుకుని, మోటారు వైపు కాకుండా షెడ్డు బయట ఎండలోకి చూశాడు. ఎక్కడ చూడాలో అతనికి తెలుసు. అందుకే అటు చూడడం లేదు.

అది బాస్ చేపలు పట్టే పడవ. పొడుగ్గా, నేలబారుగా, ఎర్రటి మెరుపు రంగులో ఉంటుంది. వెనకాల పెద్ద పెట్రోలు ఇంజను, ముందు ముక్కు మీద ఈ చిన్న కరెంటు మోటారు. పెద్దది చేపలున్న చోటికి పరుగు మీద తీసుకెళుతుంది. అక్కడికెళ్లాక దాన్ని ఆపేసి, చిన్నదాన్ని నీళ్లలోకి దించి, చేపకు తెలియకుండా అడుగులో అడుగేసుకుంటూ తిరగాలి. జోర్డన్ లేక్ సరస్సుకు వెళ్లే దారిలో ఉన్న హ్యాంక్ గారి రిపేరు షెడ్డుకు రోజూ ఇలాంటివి రెండో మూడో చక్రాల మీద వస్తుంటాయి. బాగుచేయించుకుని చక్రాల మీదే పోతుంటాయి.

దామోదర్‌కు యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. ఎడమ ముంజేతి మీద నున్నగా మెరిసే కాలిన మచ్చ ఒకటి ఉంది, కాకినాడ మరపడవల పొగగొట్టం ఇచ్చి పంపిన బహుమానం. చొక్కా జేబు మీద డేవ్ అని ఎర్రదారంతో కుట్టి ఉంటుంది. ఆ డేవ్ ఎవరో దామోదర్‌కు తెలియదు. చేరిన రోజున హ్యాంక్ బీరువాలోంచి తీసిచ్చిన పాత చొక్కా కొలత సరిపోయింది, పేరు కూడా సగం సరిపోయిందని ఇద్దరూ నవ్వుకున్నారు. తరువాత కొత్త చొక్కాలు కుట్టించినప్పుడు కూడా ఆ పేరే వేయించారు. ఏళ్ల తరబడి షెడ్డులో అతను డేవే. భార్య ధనమ్మ ఎలాగూ పేరుపెట్టి పిలవదు. దామోదర్ అని నోరారా పిలిచే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారు. ఆయన పడవే ఇది.

అచ్యుతరావు గారు కిడ్నీల డాక్టరు. పంతొమ్మిది వందల డెబ్బైలలో ఈ దేశం వచ్చి, ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. ఆ వయసులో తోటి డాక్టర్లంతా గోల్ఫ్ కర్రలు కొనుక్కుంటే ఆయన పడవ కొనుక్కున్నారు. పుట్టి బుద్ధెరిగి చేప ముక్క నోట పెట్టని మనిషి. పట్టిన చేపను చేతిలో పట్టుకుని, బరువు చూసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. వదిలేసేదానికి పట్టడం ఎందుకని భార్య పద్మిని గారు ప్రతి ఆదివారం అడిగేవారు. ఆయన ప్రతి ఆదివారం నవ్వి ఊరుకునేవారు.

ఆ ఆదివారాలే దామోదర్‌కు దక్కిన వాటా. చెల్లెలు లీలావతి నర్సుగా ఈ దేశానికి వచ్చి, సిటిజన్ అయ్యాక అన్నను రప్పించుకోవడానికి పిటిషన్ పెడితే, అది చాలా ఏళ్లు నాని చివరికి పండింది. వచ్చాక కూడా పడవల పనే దొరకడం అదృష్టమని అందరూ అన్నారు. తీరా చూస్తే ఇక్కడ పడవలన్నీ నేల మీదే. కాకినాడలో నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే అలల మీద ఊగుతూ విప్పి బిగించిన చేతులు, ఇక్కడ సిమెంటు గచ్చు మీద నిలబడి పనిచేస్తాయి. పని అయ్యాక పడవ నీళ్లకు పోతుంది, దామోదర్ అపార్ట్‌మెంటుకు పోతాడు. ధనమ్మ మోరిస్‌విల్‌లో ఇండియన్ స్టోర్ వంటగదిలో చపాతీలు చేస్తుంది. ఆదివారం అక్కడ ఊపిరాడని రోజు. ఇంట్లో ఒక్కడే కూర్చుని టీవీ చూసే మనిషిని డాక్టర్ గారు ఒక వేసవిలో, ఇదుగో మోటారు ఏదో చప్పుడు చేస్తోంది, నువ్వూ వచ్చి వింటే తెలుస్తుంది కదా అని నెపం పెట్టి పడవ ఎక్కించారు. ఏ చప్పుడూ లేదు. ఆ మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. అప్పట్నుంచి ఆదివారం వస్తే పద్మిని గారు కట్టిచ్చిన పులిహోర పొట్లాలతో ఇద్దరూ సరస్సు మీదే.

జనవరిలో పద్మిని గారు పోయారు. నిద్రలోనే, ఎవరినీ ఏమీ అడక్కుండా. చలి తగ్గి మార్చి వచ్చాక డాక్టర్ గారు మళ్లీ పడవ తీశారు. పులిహోర ఇప్పుడు ధనమ్మ చేస్తోంది, ఇంగువ కాస్త ఎక్కువ వేస్తుంది. ఆదివారాలు మాత్రం ఆగలేదు.

ఆగే ప్రమాదం ఇప్పుడొచ్చింది. పోయిన బుధవారం డాక్టర్ గారు ఒక్కరే వెళ్లారు. మునిగిన చెట్ల మోడులున్న ఒక మూలకు, ఇంజను రెక్కలు మోడులకు తగలకుండా బటన్ నొక్కి దాన్ని పైకి ఎత్తి, చిన్న మోటారు మీద లోపలికి పోయారు. అక్కడ చిన్న మోటారు చచ్చుబడింది. సరే, పెద్దదాన్ని దించుదామంటే అది ఎత్తిన చోటే బిగుసుకుంది, టిక్కుమనడమే గానీ దిగదు. ఫోనుకు సిగ్నల్ లేదు. పొద్దువాలే వేళకు వేరే పడవ వాళ్లెవరో చూసి, తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. చిన్న మోటారు ఇలా నీరసపడడం అప్పటికి కొత్త కాదు. మార్చి నుంచి దామోదర్ దాన్ని రెండుసార్లు బాగుచేశాడు, అంటే బాగుచేశానని చెప్పి పంపించాడు.

విషయం తెలిసి కూతురు శ్రీలేఖ కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి మర్నాటి ఫ్లైటుకే వచ్చింది. ఈ పొద్దున తండ్రిని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చి, ల్యాప్‌టాప్ సంచి భుజం మీంచి దించకుండానే మాట్లాడింది. శనివారం దగ్గర్లోని ఏపెక్స్ నుంచి ఎవరో పడవ చూడ్డానికి వస్తున్నారు, ఆన్‌లైన్‌లో తనే పెట్టింది. సాయంత్రం నీళ్లలో పెట్టి చూద్దాం, ఎక్కడా ఆగకపోతే డాడీ ఉంచుకుంటారు. ఒక్కసారి ఆగినా అమ్మేయడమే, డాడీ తనతో కాలిఫోర్నియా వచ్చేస్తారు.

“అంకుల్, అయామ్ నాట్ బీయింగ్ మీన్,” అంది చివర్లో. “అమ్మ లేదు. ఆయన అక్కడ స్టక్ అయితే ఎవరికీ తెలీదు. నాకు భయం అయింది.”

దామోదర్ తల ఊపాడు. ఆ పిల్ల మాటలో తప్పేమీ కనపడలేదు. కనపడితే బాగుండేది, కోపమైనా తెచ్చుకునేవాడు. శ్రీలేఖ కారులో కూర్చుని ఆఫీసు కాల్స్‌లో పడింది. డాక్టర్ గారు షెడ్డు మూల మడతకుర్చీ వేసుకుని కూర్చుని, హ్యాంక్ ఇచ్చిన కాఫీని తాగకుండా చేతిలో పట్టుకున్నారు. కూతురు అటు వెళ్లగానే ఆయన గొంతు తగ్గించి ఒక్కటే అడిగారు.

“దామోదర్, ఏమయ్యా, అవుతుందా?”

“అవుద్దండి,” అన్నాడు దామోదర్.

ముందు పెద్ద ఇంజను పని పట్టాడు. అది తేలిక. పైకి ఎత్తే బటన్ నొక్కితే పంపు మూలిగి ఇంజను లేస్తోంది, దించే బటన్ నొక్కితే టిక్కుమంటోంది. ఎత్తడానికొకటి, దించడానికొకటి, ఒకే రకం రిలేలు, అంటే కరెంటు కలిపే స్విచ్చులు, రెండు పక్కపక్కనే ఉంటాయి. రెండూ పీకి, ఒకదాని చోట ఒకటి మార్చి గుచ్చాడు. ఈసారి ఇంజను బుద్ధిగా దిగింది, ఎత్తబోతే టిక్కుమంది. రోగం రిలేతో పాటు చోటు మారింది కాబట్టి రోగం రిలేదే. కొత్తది తెచ్చి గుచ్చి, దాని కాళ్లకు గ్రీజు రాసి, వరసగా పైకీ కిందికీ ఆడించాడు. డాక్టర్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి చూసి, పేషెంటు నాలుక చూసి బాగానే ఉందన్నట్టు తల ఆడించి వెళ్లారు. టీ వేళకు ముందే ఆ పని తెమిలింది.

మిగిలింది చిన్న మోటారు. మీటరు తీసుకుని వెనక బ్యాటరీల దగ్గర మొదలుపెట్టాడు. రెండు బ్యాటరీలు కలిపి ఇరవై ఐదు వోల్టులు దాటి చూపించాయి. అవి పోయినసారి తనే మార్చినవి. అక్కడి నుంచి బ్రేకరు, అదీ తను మార్చిందే. అక్కడి నుంచి పడవ అడుగున ముందుదాకా పాకిన తీగ. ముక్కు కింద తలుపు తెరిచి, వెల్లకిలా పడుకుని, లోపల్నుంచి సాకెట్ వీపు మీద మీటరు ముళ్లు ఆనించి, కిందికి దించుకున్న పెడల్‌ను కాలితో తొక్కాడు. మోటారు నీరసించినా సాకెట్ వీపు దగ్గర కరెంటు తగ్గలేదు. ఇక్కడిదాకా అంతా కులాసా. మోటారు లోపల కార్బన్ బ్రష్‌లు మొదటిసారే మార్చాడు, అవీ కులాసా. రెండింటికీ నడుమ మిగిలింది ఒక్కటే: సాకెట్, అందులో దూరి ఉన్న ప్లగ్గు.

మూడుసార్లు ఈ పడవ వచ్చినా దామోదర్ ఆ ప్లగ్గు పీకలేదు. కొత్తగా చేరిన కుర్రాడైనా ముందు పీకి చూసేది అదే. పీకకపోవడానికి కారణం ప్లగ్గు మీదే ఉంది. పోయిన దసరాకు పద్మిని గారు పెట్టిన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ప్లగ్గునూ సాకెట్‌నూ కలిపి పూసిన పసుపు అది. పీకితే రెండుగా చెదిరిపోతుంది.

ఆ దసరా దామోదర్‌కు బాగా గుర్తుంది. ఆయుధపూజకని డాక్టర్ గారి గరాజులో పడవకు బంతిపూల దండ వేశారు, ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెద్ద ఇంజనుకు బొట్టు పెట్టవేమని డాక్టర్ గారు అడిగితే, “అది అరిచి తన పూజ తనే చేయించుకుంటుంది. మిమ్మల్ని మెల్లగా తిప్పి తీసుకొచ్చేది ఇదే కదండీ,” అని పద్మిని గారు ముందు మోటారు దగ్గరే నిలబడ్డారు. ఆయనకు భుజం నొప్పి, కొబ్బరికాయ ఆవిడే కొట్టారు. దామోదర్ సుత్తి అందించాడు. కొబ్బరినీళ్లు చిప్పతో అక్కడే పోశారు, ప్లగ్గు మీదుగా, ఆ తడి మీదే పసుపు పూసి బొట్టు పెట్టారు. దామోదర్ పళ్లెం పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. కరెంటు పనిచేసే మనిషికి ఆ క్షణంలో ఒళ్లు జలదరించాలి. అతనికి మాత్రం కాకినాడలో కొత్త వల దింపే ముందు పడవ ముక్కున కొట్టే కొబ్బరికాయ గుర్తొచ్చి, ఎంతో హాయిగా అనిపించింది. పళ్లెం పక్కన పెట్టి రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు.

ఆవిడ పోయాక, మొదటిసారి రిపేరుకు వచ్చినప్పుడే చూశాడు. ఆ బొట్టు మీద డాక్టర్ గారు పారదర్శకమైన టేపు నాలుగు వైపులా నొక్కి అంటించారు, నీటి తుంపర్లకు చెరిగిపోకుండా. పైనుంచి నీళ్లు రాకుండా కాపాడిన టేపు, లోపలి చెమ్మను బయటికి పోనివ్వకుండా కూడా కాపాడి ఉంటుంది. దామోదర్‌కు ఆ రోజే అనుమానం వచ్చింది. చెయ్యి మాత్రం పోలేదు. పోయిన ముత్తైదువ చేత్తో పెట్టిన బొట్టు అది. దాన్ని తుడవడానికి తనెవరు? బ్రష్‌లు మార్చాడు. తరువాత బ్యాటరీలు మార్చాడు. మంచి సామాను పారేసి మంచి సామాను వేశాడు. తగ్గిందనుకున్నాడు కూడా, తగ్గాలని అంతగా కోరుకున్నాడు మరి. దాని ఫలితం, డెబ్బై దాటిన మనిషి చలిగాలిలో మోడుల మధ్య ఒక్కడే కూర్చున్నాడు.

చెత్తడబ్బాలో నీళ్లు తేటపడ్డాయి. దామోదర్ చేతులు గుడ్డకు తుడుచుకుని కుర్చీ దగ్గరికి వెళ్లాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తప్పు ఎక్కడుందో తనకు ముందే అనుమానం ఉందనీ, ఆ బొట్టు చూసి చుట్టూ తిరిగాననీ, కొబ్బరినీళ్లు లోపలికి దిగి ఉంటాయనీ, పీకక తప్పదనీ చెప్పాడు. డాక్టర్ గారు వింటూ కాఫీ కప్పు నేల మీద పెట్టారు.

“నాకూ తెలుసయ్యా,” అన్నారు. “నువ్వు పీకట్లేదని తెలుసు. పీకమని నేనూ అనలేదు.”

బయట రోడ్డు మీద ఏదో ట్రైలర్ గడగడలాడుతూ పోయింది. డాక్టర్ గారు లేచి, కుర్చీ మడిచి గోడకు ఆనించి, తనే తీస్తానన్నారు. దామోదర్ చెయ్యి అందించి ఆయన్ను పడవ ముక్కు మీదికి ఎక్కించాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు. టేపు ఒక మూల గోటితో లేపి, చర్మం మీంచి ప్లాస్టరు తీసినట్టు మెల్లగా తీశారు. జేబురుమాలు తీసి, దామోదర్ పట్టిన సీసాలో నీళ్లతో తడిపి, బొట్టు తుడిచారు. ఒక్కసారికి పోలేదు. పసుపు ప్లాస్టిక్‌లోకి ఇంకింది. మళ్లీ తడిపి మళ్లీ తుడిచారు. ఆయన ఏడవలేదు గానీ, చెయ్యి ఆగి ఆగి కదిలింది. దామోదర్‌కే కళ్లు నిండుకొచ్చాయి, కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. రుమాలు మడిచి ఆయన జేబులో పెట్టుకున్నాక, “ఇక కానీ” అన్నారు.

ప్లగ్గు పట్టుదలగా కూర్చుంది. అటూ ఇటూ ఊపి లాగితే వచ్చింది. లోపల ఇత్తడి ముళ్ల మీద పచ్చటి చిలుము గట్టిగా పట్టింది, ఒక ముల్లును సగం తినేసింది. వేడికి ప్లాస్టిక్ ఒక పక్క కమిలింది. కరెంటు కొద్దిగా అయితే ఆ సగం ముల్లు మీంచి నడిచిపోతోంది, మోటారు గట్టిగా అడిగితే మాత్రం ఇరుకుదారిలో ఆగిపోతోంది. దామోదర్ తీగలు వెనక్కి కోసి, రాగి మెరిసేదాకా గీకి, ప్లగ్గూ సాకెట్టూ రెండూ కొత్తవి బిగించాడు. మళ్లీ చెత్తడబ్బా, మళ్లీ పెడల్. నీళ్లు ఎగిరెగిరి గచ్చంతా తడిపాయి. అవి ఇంకా ఎగురుతుండగానే హ్యాంక్ ఆఫీసు గదిలోంచి తల బయటపెట్టి, డేవ్, నా షెడ్డును చెరువు చేస్తున్నావని కేకేశాడు.

సాయంత్రం దామోదర్, డాక్టర్ గారు హ్యాంక్ గారి ట్రక్కుకు ట్రైలర్ తగిలించి సరస్సుకు వెళ్లారు. వెనకాల శ్రీలేఖ కారు. పడవను నీళ్లలోకి జార్చాక, ఆ పిల్ల పడవలు ఆగే చెక్కవంతెన చివర చేతులు కట్టుకుని నిలబడింది. డాక్టర్ గారు చక్రం పట్టుకున్నారు, దామోదర్ పక్కన కూర్చున్నాడు. పెద్ద ఇంజను దిగింది, పడవ ముక్కెత్తి పరుగు తీసింది. దామోదర్ టోపీ ఎగిరిపోకుండా పట్టుకున్నాడు. మొన్న ఇరుక్కున్న మోడుల దగ్గరికే పోదామన్నారు డాక్టర్ గారు. అక్కడ ఇంజను ఎత్తి, చిన్న మోటారు దించి, మోడుల మధ్య ఒక చుట్టు, రెండో చుట్టు, గాలికి ఎదురుగా మూడో చుట్టు వేశారు. మోటారు ఎక్కడా తడబడలేదు. నీళ్లను కోస్తున్న సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక ఆదివారాలు ఉంటాయని దామోదర్‌కు నమ్మకం కుదిరింది. ధనమ్మకు ఇంగువ తగ్గించమని చెప్పాలని కూడా అనుకున్నాడు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి శ్రీలేఖ ముఖం మెత్తబడింది. తండ్రి చెయ్యి పట్టుకుని దించుతూ, “ఓకే డాడీ. కీప్ చేసుకోండి. సాటర్‌డే ఆయన్ని రావద్దంటాను,” అంది.

డాక్టర్ గారు వెనక్కి తిరిగి పడవ ముక్కు వైపు చూశారు. అక్కడ కొత్త నల్లటి ప్లగ్గు శుభ్రంగా ఉంది.

“వద్దులే, రానీ,” అన్నారు. “ఇచ్చేద్దాం.”

శ్రీలేఖకు అర్థం కాలేదు. దామోదర్ తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“ఆ బొట్టు ఉన్నన్నాళ్లూ పడవ అమ్మితే మీ అమ్మను పట్టుకెళ్లి ఎవరికో ఇచ్చినట్టుండేది,” అన్నారాయన కూతురితో. “ఇప్పుడిది పడవే.” తరువాత దామోదర్ వైపు తిరిగి, “నువ్వు తీసుకోకూడదూ? నీకైతే ఊరికే ఇస్తాను,” అన్నారు.

“అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ పెడతానండి,” అన్నాడు దామోదర్. తాడు చుట్ట చుడుతూ, “ఒక్కణ్ణీ నీళ్ల మీద ఏం చేస్తానండి,” అన్నాడు.

డాక్టర్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసేశారు. శాన్ రామన్‌కు ఒకసారి ధనమ్మను తీసుకుని రమ్మన్నారు. అలాగేనండి అన్నాడు దామోదర్. వెళ్లడని ఇద్దరికీ తెలుసు. ఆయన కూతురి కారెక్కారు. శ్రీలేఖ అద్దం దించి థాంక్స్ అంకుల్ అంది. కారు చెట్ల మలుపు తిరిగాక దామోదర్ పడవను ట్రైలర్ మీదికి లాగి, అడుగున నీళ్లు కారిపోయేదాకా కూర్చున్నాడు. ఈసారి సరిగ్గా బాగుచేశాననే అతనికి బాధగా ఉంది. ఆ మాట ధనమ్మకు కూడా చెప్పలేడు, చెబితే నవ్వుతుంది.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి హ్యాంక్ వెళ్లిపోయాడు. తలుపు ఎత్తి, ట్రైలర్‌ను వెనక్కి పెడుతూ పక్క అద్దంలోకి చూసి దామోదర్ బ్రేకు వేశాడు. ట్రక్కు దిగి వెళ్లాడు. పొద్దున పడవ ముక్కు ఉన్న చోట, తడి ఆరిన గచ్చు మీద, డాక్టర్ గారి తోలు చెప్పులున్నాయి. బొట్టు తుడవడానికి పడవ ఎక్కేముందు విప్పినవి. సరస్సుకు పడవలో ఉండే రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చి, వాటితోనే వెళ్లిపోయారు. దామోదర్ ఫోను తీసి, డాక్టర్ గారి పేరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ట్రక్కెక్కి, చక్రం వాటికి తగలకుండా ట్రైలర్‌ను ఒక బారెడు పక్కకు పెట్టాడు. లైటు తీసేసి తలుపు దించుతుంటే, మడమల దగ్గర అరిగిన ఆ చెప్పులు రెండూ పక్కపక్కనే, ఎవరో ఇప్పుడే పైకెక్కినట్టు, పొద్దున పడవ ఉండి ఇప్పుడు ఖాళీగా ఉన్న వైపుకు తిరిగి ఉన్నాయి.